‘నాకెందుకు ఫాదర్ ఈ కెప్టెన్సీ?’



ఒక శనివారం సాయంత్రం దివ్యబలిపూజ ముగిసి జనమంతా వెళ్ళిపోయిన తరువాత కూడా ఒక యువకుడు గుడి వరండాలో నిలబడి ఉన్నాడు. పేరు చెప్పను. చెబితే భద్రాచలంలో సగంమంది గుర్తుపట్టేస్తారు. వయస్సు ముప్పై దాటింది. రోజూ వంతెన దాటి సారపాకకు షిఫ్టు పనికి వెళతాడు. భార్య, ఇద్దరు పిల్లలు. అప్పుల బాధో, ఇంట్లో గొడవో చెప్పుకోవడానికి వచ్చి ఉంటాడనుకొని కుర్చీ చూపించాను. కూర్చొని, చేతిలోని బండి తాళం తిప్పుతూ కొంతసేపు ఊరుకొని, చివరికి అడిగాడు:

“ఫాదర్, మా క్రికెట్ క్లబ్బులో నన్ను కెప్టెన్‌గా ఉండమంటున్నారు. ఒప్పుకోమంటారా?”

నాకు నవ్వు వచ్చింది. “మొదటి జట్టుకా?” అన్నాను.

“కాదు ఫాదర్, రెండో జట్టుకి.”

ఈసారి పైకే నవ్వాను. అతను నవ్వలేదు. ముఖం చిన్నబుచ్చుకొని, “వస్తాను ఫాదర్” అని లేచాడు. బలవంతాన కూర్చోబెట్టాను. పెళ్ళి సంబంధం గురించో ఉద్యోగం గురించో అడిగి ఉంటే గంటసేపు ఓపికగా మాట్లాడేవాణ్ణి గదా! ఒక మనిషి వారం రోజులుగా నిద్ర మానుకొని ఆలోచిస్తున్న సంగతి చిన్నదని నేనెలా తేల్చగలను? ఆనాటి నవ్వుకు ప్రాయశ్చిత్తంగానే ఈ నాలుగు మాటలు రాస్తున్నానని అనుకోండి.

(మ్యాచ్‌లు ఆదివారం పొద్దున గదా, మరి పూజ సంగతి అడిగారా అని మీలో కొందరు ఈపాటికే అనుకుంటూ ఉంటారు. అందుకే గదా అతను శనివారం సాయంత్రం గుడిలో ఉన్నాడు!)

క్రికెట్ చూడని తల్లులు, పెద్దవారు కూడా ఈ పత్రిక చదువుతారు గనుక రెండో జట్టు అంటే ఏమిటో చెప్పాలి. క్లబ్బులో బాగా ఆడే పదకొండు మంది మొదటి జట్టు. వారు పాల్వంచ, కొత్తగూడెం, ఖమ్మం వెళ్ళి టోర్నమెంట్లు ఆడతారు. కప్పు గెలిస్తే సెంటరులో ఫ్లెక్సీ కడతారు. మిగిలినవారంతా రెండో జట్టు. మిగిలినవారంటే ఎవరు? మీసాలు మొలుస్తున్న ఇంటర్మీడియట్ పిల్లలు, మోకాళ్ళ నొప్పులు మొదలైన పాత ఆటగాళ్ళు, షిఫ్టు కుదిరిన వారమే రాగల కార్మికులు, గూడేల నుండి సైకిలు మీద వచ్చే కోయ కుర్రవాళ్ళు. మొదటి జట్టులో ఎవరికైనా జ్వరం వస్తే వీరిలో బాగా ఆడేవాణ్ణి శనివారం రాత్రికి రాత్రి లాక్కుపోతారు. వాళ్ళు వాడి వదిలేసిన ప్యాడ్లే వీరికి కిట్టు. శ్రీరామనవమికి, ముక్కోటికి ఊరు యాత్రికులతో నిండిపోతే ఆట బంద్. ఏప్రిల్ వచ్చిందంటే మన ఎండలకు పది దాటాక మైదానంలో నిలబడలేరు, తెల్లవారగానే మొదలుపెట్టాలి.

మన సరిహద్దు ముచ్చట కూడా ఇందులో ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలు పోలవరం ముంపు ప్రాంతంతో పాటు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. నాలుగడుగులు నడిస్తే రాష్ట్రం మారుతుంది. ‘స్థానికులే ఆడాలి, ఆధార్ చూపించాలి’ అనే టోర్నమెంటుకు ఎటపాక కుర్రవాడు వెళితే, నిన్నటిదాకా పక్క బెంచీలో కూర్చొని చదువుకున్నవాడే ఈ రోజు పరాయివాడు. అలాంటివారికి రెండో జట్టే దిక్కు. కెప్టెన్ దొరకకపోతే ఈ ఏడాది ఆ జట్టును ఎత్తేస్తామని క్లబ్బువారు అన్నారట. అందుకే మనవాడికి నిద్ర పట్టడం లేదు.

ఇటువంటి జట్టుకు కెప్టెన్ అంటే టాస్ వేసే మనిషి అనుకోకండి. రాత్రి పదిహేను మందికి ఫోన్లు చేస్తాడు. ‘వస్తాను’ అన్నవారిలో ఇద్దరు పొద్దున ఫోను ఎత్తరు. తొమ్మిదిమందే వచ్చిన రోజు ఎదుటి జట్టు ముందు తలవంచుకుంటాడు. పద్నాలుగు మంది వచ్చిన రోజు మరీ కష్టం. ముగ్గురి ముఖాలు చూసి ‘ఈ వారం నువ్వు లేవు’ అని చెప్పాలి. బంతికి డబ్బులు వసూలు చేయాలి. ఎవరిని అడగకూడదో కూడా తెలిసి ఉండాలి. వీటన్నిటికీ తోడు అంపైరింగు. ఈ స్థాయి ఆటలకు డబ్బిచ్చి అంపైర్లను పిలవరు. బ్యాటింగ్ చేస్తున్న జట్టువారే ఇద్దరు వెళ్ళి నిలబడతారు. అన్న ఆడుతుంటే తమ్ముడు వేలెత్తవలసి రావచ్చు. నిజం చెప్పేవాణ్ణి పంపితే సొంత జట్టుకు కోపం, పక్షపాతిని పంపితే మధ్యాహ్నానికల్లా మైదానం మధ్యలో పంచాయతీ. ఎవరిని పంపాలో తేల్చేది కెప్టెనే.

ఇంతా చేస్తే పేరేమైనా వస్తుందా? రాదు. ఓడితే మాత్రం వస్తుంది.

“మరి నీ ఉద్దేశమేమిటి బాబూ?” అని అడిగాను.

“నాకు అర్హత లేదు ఫాదర్. నాకంటే బాగా ఆడేవాళ్ళు ఆ జట్టులోనే నలుగురున్నారు. నేను ఏడో నంబరులో దిగేవాణ్ణి.”

వినడానికి ఎంత వినయమైన మాట! మనం ఇంట్లో, సంఘంలో, విచారణ పనుల్లో తరచుగా వినేదే. కాని ఇందులో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి. బాగా ఆడటం ఒకటి, ఆడేవారిని నడపటం ఇంకొకటి. పదమూడవ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు తన ‘సుమ్మా’లో పీఠాధిపతుల నియామకం గురించి రాస్తూ ఇదే ప్రశ్న వేసుకున్నాడు: పీఠాధిపతిగా నియమింపబడేవాడు అందరికంటే ఉత్తముడై ఉండాలా? అక్కరలేదన్నాడు. సంఘాన్ని నడపడానికి తగినవాడైతే చాలు. మిగిలిన విషయాల్లో అతనికంటే గొప్పవారు ఆ సంఘంలోనే ఉండవచ్చు. ఉత్తముడు వేరు, తగినవాడు వేరు.

క్రికెట్టులో దీనికి సాక్ష్యం కావాలంటే ఇంగ్లండు కెప్టెన్‌గా ఉన్న మైక్ బ్రియర్లీని చూడండి. ఆటలోకి పూర్తిగా రాకముందు విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం బోధించిన మనిషి. తరువాత మనోవిశ్లేషకుడయ్యాడు. 39 టెస్టులు ఆడి ఒక్క సెంచరీ కూడా చేయలేదు. సగటు 23 పరుగులు దాటలేదు. అయితే కెప్టెన్‌గా 31 టెస్టుల్లో 18 గెలిచాడు, నాలుగే ఓడాడు. 1981లో ఇయాన్ బోథమ్ కెప్టెన్సీ వదిలేసినప్పుడు మళ్ళీ బ్రియర్లీనే పిలిచారు. తరువాతి టెస్టు లీడ్స్‌లో. ఇంగ్లండు ఫాలోఆన్ ఆడి కూడా 18 పరుగులతో గెలిచింది. అందులో 149 కొట్టినవాడు ఎవరు? కెప్టెన్సీ దిగిపోయిన ఆ బోథమే. ఆటగాళ్ళలో అంత గొప్పవానికి కెప్టెన్సీ బరువైంది. పరుగులు చేయలేని బ్రియర్లీ దానిని మోశాడు.

అంతదూరం ఎందుకు? మన హైదరాబాదు రంజీ జట్టుకు ఎం.ఎల్. జయసింహ ఏళ్ళ తరబడి కెప్టెన్. ఆయన ఒక్క టెస్టుకు కూడా భారత జట్టుకు కెప్టెన్ కాలేదు. భారత జట్టు కెప్టెన్ పటౌడీ నవాబు హైదరాబాదు తరఫున ఆడుతూ, దేశంలో తన కింద ఆడే జయసింహ కింద ఇక్కడ తాను ఆడేవాడు. ఇద్దరికీ అది చిన్నతనంగా తోచలేదు. జయసింహ కాలంలో హైదరాబాదు రంజీ ట్రోఫీ గెలవనే లేదు. అది 1986-87లో ఎం.వి. నరసింహారావు కెప్టెన్సీలో వచ్చింది. అయినా హైదరాబాదు క్రికెట్ పెద్దలను కదిలించి చూడండి, జయసింహ పేరు ఎత్తని వారుండరు.

కాబట్టి ‘నాకంటే బాగా ఆడేవారున్నారు’ అన్నది జవాబు కాదని అతనికి చెప్పాను. అతను తల ఊపాడు. ఒప్పుకున్నట్టు లేదు.

ఇక్కడ రెండో వైపు కూడా చూడాలి. కావాలని వెంటపడి తీసుకునేవారి సంగతి. మన తెలుగువారికి దీనిమీద మంచి పాఠమే ఉంది. 1932లో భారత జట్టు మొదటి టెస్టు ఆడటానికి ఇంగ్లండు వెళ్ళినప్పుడు కెప్టెన్ పోరుబందరు మహారాజు. ఆయనకు ఆట అంతగా రాదు; ఆ సంగతి ఆయనకే బాగా తెలుసు. లార్డ్స్ టెస్టుకు తప్పుకున్నాడు. వైస్ కెప్టెన్ గాయపడటంతో జట్టును నడిపించినవాడు నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబపు బిడ్డ సి.కె. నాయుడు. ఆ పోరుబందరు రాజును చూసి నవ్వేవారున్నారు గాని, నాకు ఆయన మీద గౌరవం. తనకు రాదని తెలిసి పక్కకు జరగడం రాజులకు సులువైన పని కాదు.

నాలుగేళ్ళకు, 1936లో, కెప్టెన్సీ విజయనగరం రాజవంశానికి చెందిన మహారాజకుమార్‌కు దక్కింది. అందరూ విజ్జీ అనేవారు. క్రికెట్‌కు ఆయన చేసిన మేలు లేకపోలేదు. సొంత ఖర్చుతో జాక్ హాబ్స్ వంటివారిని మన దేశానికి రప్పించి ఆడించాడు. కాని కెప్టెన్సీ ఆయనకు పలుకుబడితో వచ్చింది. మూడు టెస్టుల్లో ఆరుసార్లు బ్యాటింగుకు దిగి చేసిన పరుగులు మొత్తం 33. అది పెద్ద తప్పు కాదు. బ్రియర్లీ కూడా పరుగులు చేయలేదని ఇప్పుడే చెప్పాను. అసలు తప్పు మరొకటి. జట్టులో ఒకరితో ఒకరికి పడనివారిని కలిపి ఉంచడం ఆయన వల్ల కాలేదు. భారత్ తరఫున మొదటి టెస్టు సెంచరీ చేసిన లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపించేశారు. తరువాత విచారణ సంఘం విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టింది. మాజీ కెప్టెన్ నాయుడు ఆ పర్యటనలో విజ్జీ కింద మామూలు ఆటగాడిగా ఆడాడు. ఓవల్‌లో తన ఆఖరి టెస్టు ఆఖరి ఇన్నింగ్సులో 81 పరుగులు చేసి వచ్చాడు.

ఇవన్నీ విని మనవాడు, “అయితే పోరుబందరు రాజులాగా నేనూ తప్పుకుంటే మంచిదే గదా ఫాదర్” అన్నాడు. తెలివైనవాడు! పోరుబందరు తప్పుకున్నప్పుడు వెనుక నాయుడు ఉన్నాడు. నీ వెనుక ఎవరున్నారు? ఆ మాట అడిగేసరికి ఊరుకున్నాడు.

నిరాకరించడం గురించి నేను మాట్లాడటానికి నాకు కొంత హక్కు ఉంది. మంచి హక్కు కాదు. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో రెండో జట్టుకు నన్ను కెప్టెన్‌గా ఉండమన్నారు. “నేను యోగ్యుణ్ణి కాను” అన్నాను. నా వినయాన్ని పెద్దలు మెచ్చుకున్నారు కూడా! నిజమేమిటంటే, సాయంత్రం గంటసేపు చదువుకొనే సమయం పోతుందని ఒక బాధ, ఓడితే పైతరగతివారు ఎగతాళి చేస్తారని ఇంకొక భయం. ఆ కెప్టెన్సీ మరొకనికి పోయింది. అతను తన స్నేహితులను తప్ప ఎవరినీ ఆడించలేదు. ఏజెన్సీ నుండి వచ్చిన ఒక తమ్ముడు ఆ సంవత్సరమంతా బౌండరీ దగ్గర నిలబడి, బయటికి వచ్చిన బంతులు విసరడమే ఆటగా గడిపాడు. కొన్నాళ్ళకు మైదానానికి రావడం మానుకున్నాడు. తరువాత గురువిద్యే మానుకొని వెళ్ళిపోయాడు. దానికి ఆట కారణమని నేననను. కారణాలు వేరే ఉండవచ్చు. కాని బౌండరీ దగ్గర అతను నిలబడిన తీరు ముప్పై ఏళ్ళు దాటినా నాకు గుర్తున్నది. అక్కడ నిలబెట్టింది ఆ కెప్టెన్ ఒక్కడే కాదు.

ఆ తరువాతనే తోమాసు అక్వినాసు రాసిన ఒక మాట నాకు అర్థమయింది. తన శక్తికి మించినదానికి ఎగబడటం ఎట్లా దోషమో, శక్తి ఉండీ వెనుకకు జరగటం కూడా అట్లాగే దోషమని ఆయన అంటాడు. యజమాని ఇచ్చిన ధనాన్ని భూమిలో పాతిపెట్టిన సేవకుణ్ణి ఉదాహరణగా చూపిస్తాడు. ఇంకా ముందుకు వెళ్ళి, ఈ చిన్న మనసు ఒక్కొక్కసారి గర్వంలో నుండి పుడుతుందంటాడు. ఇదేమి వింత అని మొదట అనిపిస్తుంది. ఆలోచించండి: నువ్వు తగినవాడవని పదిమంది అంటున్నారు. కాదు, నా గురించి నాకే బాగా తెలుసు అని నీ ఒక్కని అభిప్రాయాన్నే పట్టుకొని వేలాడుతున్నావు. ఇది వినయమా?

న్యాయాధిపతుల గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో యోతాము చెప్పిన చెట్ల కథ మీకు తెలిసే ఉంటుంది. చెట్లన్నీ రాజును వెతుక్కుంటూ ఓలివను అడిగాయి, అత్తిని అడిగాయి, ద్రాక్షను అడిగాయి. తమ నూనె, తమ పండ్లు, తమ రసం వదిలి రాలేమన్నాయి. చివరికి ముండ్లపొద ఒప్పుకుంది. నేను చాలాకాలం ఈ కథను నిరాకరించేవారి మీద ఉపన్యాసాలకే వాడుకున్నాను. అది పూర్తిగా న్యాయం కాదని ఈ మధ్యనే తోచింది. ఓలివ అబద్ధం చెప్పలేదు. దానికి నిజంగానే నూనె ఉంది, ఆ నూనె మీద ఆధారపడ్డవారున్నారు. ఆ సంగతి నాకు నేర్పింది పండితులు కారు, మనవాడి భార్య.

మూడు రోజుల తరువాత ఆమెను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆమె మర్యాదగానే మొదలుపెట్టింది.

“మీరు ఒప్పుకోమన్నారట గదా ఫాదర్. ఈయన ఇంట్లో ఉండేది ఆదివారం ఒక్కటే. నైట్ షిఫ్టు వారాల్లో పిల్లలు ఈయన్ని నిద్రపోతుండగా చూడటమే. ఇప్పుడు ఆట ఉన్న ఆదివారం పూట పోతుంది. కెప్టెన్ అయితే శనివారం రాత్రి ఫోన్లు, సోమవారం తగాదాలు కూడా మా ఇంటికే వస్తాయి. సేవ ఈయనది, ఖర్చు మాది.”

నేను ఒప్పుకోమని చెప్పలేదు గాని, దాదాపు అదే అర్థం వచ్చేలా మాట్లాడాను. మనం చేసే చాలా త్యాగాలు ఇంట్లోవాళ్ళ జేబులో నుండి తీసి ఇచ్చినవేనని ఆమె చెబుతోంది. ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేకపోయాను. ఆ తరువాత కొంత తటపటాయించి అసలు సంగతి బయటపెట్టింది.

“మా తమ్ముడు కూడా ఆ జట్టులోనే ఆడతాడు ఫాదర్. వన్‌డౌన్‌లో దిగుతాడు. ఈ ఏడాది పరుగులు చెయ్యటంలేదని అందరూ అంటున్నారు. ఈయన కెప్టెన్ అయితే తీసెయ్యాలి. తీసేస్తే మా అమ్మావాళ్ళింటికి నేను ఏ ముఖం పెట్టుకొని పోవాలి?”

మనవాడు నేల చూస్తున్నాడు. అర్హత లేదన్న మాట వెనుక ఉన్నది ఇదన్నమాట. బావమరిది! ఆటలో తమకంటే మెరుగైనవారున్నారన్నది అతని భయం కాదు. ఆదివారం పొద్దున మైదానంలో ఒక నిమిషంలో చెప్పే మాట, పండుగనాడు అత్తగారింట భోజనానికి కూర్చున్నప్పుడు తిరిగి వస్తుందన్నది అతని భయం. దానిని నేను చులకన చేయను. మన సమాజంలో చుట్టరికం తెగడమంటే చిన్న విషయం కాదు.

బంధువును ఉంచితే ఏమవుతుంది? అరిస్టాటిల్ ‘రాజకీయాలు’ అనే గ్రంథంలో పిల్లనగ్రోవుల ఉదాహరణ ఒకటి ఇస్తాడు. మంచి పిల్లనగ్రోవి ఎవరికివ్వాలి? గొప్ప వంశంలో పుట్టినవానికా, అందగానికా? బాగా వాయించేవానికే ఇవ్వాలి, ఎందుకంటే పిల్లనగ్రోవి ఉన్నది వాయించడానికి. పదకొండు స్థానాలనూ ఇలాగే చూడాలి. కాని ఇక్కడొక చిక్కుంది. రెండో జట్టు ఎందుకున్నట్టు? గెలవడానికేనా? గెలవడానికే అయితే మోకాళ్ళ నొప్పుల పెద్దాయనను రేపే ఇంటికి పంపాలి. ఇంటర్ పిల్లవానికి ఎప్పటికీ అవకాశం రాదు. ఆడితే గదా ఆట వచ్చేది! నేర్చుకోవడానికే అయితే, ఎదుటి జట్టు రెండువందలు కొట్టి పోతున్నా నవ్వుతూ నిలబడాలి, అదీ కుర్రవాళ్ళకు సహించదు. ఇది ముందుగా తేల్చుకోకుండా ఎవరిని ఉంచాలి, ఎవరిని తీయాలి అనడంలో అర్థం లేదు. కెప్టెన్ మొదటి నిర్ణయం జట్టు దేనికోసమన్నది. ఒక ప్రమాణం చెప్పి, దానిని బావమరిదికీ గూడెం కుర్రవానికీ ఒక్కలాగే పెడితే తీసివేయబడినవానికి బాధ ఉంటుంది గాని అవమానం ఉండదు. కనీసం కొన్నాళ్ళకు పోతుంది.

అంతలో ఆమెకు నేను ఒక సంగతి గుర్తుచేశాను. 2022 జూలైలో గోదావరి 71 అడుగులు దాటింది. 1986 తరువాత అంత నీరు మనం చూడలేదు. ముంపు నుండి వచ్చిన కుటుంబాలకు టార్పాలిన్లు పంచవలసి వచ్చింది. వచ్చినవి తక్కువ, చేతులు చాచినవారు ఎక్కువ. పంచడానికి ముందుకు వచ్చినవాళ్ళలో చాలామంది గొడవ మొదలవగానే పక్కకు తప్పుకున్నారు. నేను కూడా లోపలికి వెళ్ళి ఫోను మాట్లాడాను, దాచడమెందుకు. మీ ఆయన మాత్రం నిలబడి, పసిపిల్లలున్న ఇళ్ళకు ముందు అని గట్టిగా చెప్పి, దొరకనివారి దగ్గరికి తానే వెళ్ళి ఎందుకు దొరకలేదో చెప్పివచ్చాడు. అందులో మీ పిన్నిగారి ఇల్లు కూడా ఉంది గదమ్మా?

“ఉంది ఫాదర్. రెండు నెలలు మాతో మాట్లాడలేదు.”

“తరువాత?”

“తరువాత మాట్లాడారు.”

ఇక నేను ఏమీ చెప్పలేదు. అర్హత అనేది లోపల వెతుక్కుంటే కనిపించదు. అంతకుముందు చేసిన పనుల్లో ఉంటుంది. తక్కువగా ఉన్నదాన్ని ఎక్కువమందికి పంచి, దక్కనివాని ముఖం చూసి మాట్లాడగలగడం. ఏడో నంబరు బ్యాట్స్‌మన్‌కు అది ఉంది. మొదటి నలుగురిలో ఎవరికి ఉందో అతనే చెప్పలేకపోయాడు. అయినా ఒప్పుకోవాలో వద్దో నిర్ణయం వాళ్ళిద్దరిదీ. ఆమె ‘వద్దు’ అంటే వద్దనే నేను అనేవాణ్ణి, ఆ నిరాకరణలో పాపమేమీ ఉండేది కాదు.

వెళ్ళబోతూ అతను అంపైరింగు గురించి అడిగాడు. అబద్ధపు నిర్ణయంతో గెలిస్తే కెప్టెన్ బాధ్యత ఎంతవరకు అని. 1980లో బొంబాయిలో జరిగిన జూబిలీ టెస్టు గురించి చెప్పాను. బాబ్ టేలర్‌ను అంపైరు ఔటిచ్చాడు. బంతి బ్యాటుకు తగలలేదని నమ్మిన మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ అతణ్ణి వెనక్కి పిలిపించాడు. ఆ టేలర్ బోథమ్‌తో కలిసి 171 పరుగులు జోడించాడు, మనం ఓడిపోయాం. విశ్వనాథ్ కెప్టెన్‌గా ఉన్నది మొత్తం రెండే టెస్టులు. “అందుకేనా తీసేశారు ఫాదర్?” అన్నాడు మనవాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

వాళ్ళు ఒక సీజనుకు ఒప్పుకున్నారు. భార్య పెట్టిన షరతులు రెండు. నెలలో ఒక ఆదివారం జట్టును వైస్ కెప్టెన్‌కు అప్పగించి ఇంట్లో ఉండాలి. రాత్రి తొమ్మిది దాటాక క్లబ్బు ఫోను ఎత్తకూడదు. రెండో షరతు ఇప్పటికే రెండుసార్లు తప్పాడని ఆమె నాతో ఫిర్యాదు చేసింది.

మొదటి మ్యాచికి పదమూడు మంది వచ్చారట. బావమరిదిని తీసేశాడు. ముందురోజు రాత్రే అత్తగారింటికి వెళ్ళి, అందరి ఎదుటా కాకుండా, అతణ్ణి బయటికి పిలిచి చెప్పివచ్చాడు. ఆ కుర్రవాడు అయినా మైదానానికి వచ్చాడు. అంపైరుగా నిలబడటానికి ఎవరూ ముందుకు రాకపోతే అతణ్ణే పంపించారు. మనవాడు ఎనిమిది పరుగుల మీద ఉండగా ఎల్బీడబ్ల్యూ అప్పీలు వచ్చింది. బావమరిది కొంచెం కూడా ఆలోచించకుండా వేలెత్తాడు.

“నిజంగా ఔటేనా?” అని అడిగాను.

“బంతి లెగ్ స్టంప్ బయటికి పోతోందని నాకనిపించింది ఫాదర్. కాని నిలబడింది వాడు గదా, వాడికే బాగా కనపడి ఉంటుంది” అన్నాడు.

మ్యాచ్ ఓడిపోయారు. అత్తగారింట్లో ఇంకా సరిగా మాట్లాడటం లేదట.